కింగ్స్ క్రాస్ రైల్వే భూముల పునరభివృద్ధి

కింగ్స్ క్రాస్ ఇంగ్లాండు దేశపు రాజధాని లండన్ నగరంలో, నడిబొడ్డుకు కొంచెం ఉత్తరంగా, కామ్డెన్ మరియు ఇస్లింగ్టన్ బరోల సరిహద్దున ఉన్న ప్రాంతము. కింగ్స్ క్రాస్, సెయింట్ పాంక్రాస్ అనే రెండు పెద్ద రైల్వే స్టేషన్లు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఈ స్టేషన్ల వెనుక సుమారు 67 ఎకరాల (27 హెక్టార్ల) గూడ్సు యార్డు భూమి ఇరవయ్యవ శతాబ్దం ద్వితీయార్ధంలో చాలా సంవత్సరాలపాటు పాడుబడి ఉండేది. 2000 సంవత్సరం తరువాత ఈ భూమిని ఇళ్ళు, కార్యాలయాలు, విశ్వవిద్యాలయం, దుకాణాలు, పాఠశాల, ఉద్యానవనాలు కలిసి ఉండే పేటగా మార్చారు. ఒకే పేటలో నివాసం, ఉద్యోగం, చదువు, వ్యాపారం, విశ్రాంతి అన్నింటికీ చోటు కల్పించే ఈ పద్ధతిని నగర ప్రణాళికా శాస్త్రంలో మిశ్రమ వినియోగం అంటారు. పాత రైల్వే భూములను తిరిగి వాడుకలోకి తేవడానికి ప్రపంచంలో తరచుగా చూపే ఉదాహరణలలో కింగ్స్ క్రాస్ ఒకటి. అలాగే, ప్రజల భూమి ఎవరి చేతికి పోతుంది, కట్టిన ఇళ్ళలో ఎవరు ఉండగలుగుతారు అన్న వాదానికి కూడా ఇది తరచుగా చూపే ఉదాహరణే.

పేరు

ఈ ప్రాంతానికి పూర్వం బ్యాటిల్ బ్రిడ్జ్ అని పేరు. ఫ్లీట్ అనే చిన్న నది మీద ఉన్న వంతెన వలన ఆ పేరు వచ్చింది. ఆ నది నేడు భూగర్భంలో మురుగుకాలువగా ప్రవహిస్తున్నది. బౌడికా రాణి రోమన్లతో ఇక్కడే యుద్ధం చేసిందని జనశ్రుతి కలదు గాని, దానికి చారిత్రక ఆధారం లేదు. 1830 దశకంలో ఈ కూడలిలో నాలుగవ జార్జి రాజు స్మారకంగా ఒక కట్టడాన్ని లేపి, దానిపై రాజు విగ్రహాన్ని నిలిపారు. దానిని మెచ్చినవారు తక్కువ. దాని అడుగు భాగాన్ని కొంతకాలం పోలీసు ఠాణాగా, తరువాత మద్యశాలగా వాడారు. 1845 నాటికి కట్టడాన్ని పూర్తిగా తొలగించారు. పదిహేనేళ్ళైనా సరిగ్గా నిలవని ఆ కట్టడం పేరు మాత్రం ఊరికి స్థిరపడి, రైల్వే స్టేషనుకు కూడా వచ్చింది. హారీ పాటర్ నవలలు చదివిన పిల్లలకు ఈ స్టేషను పేరు పరిచితమే.

రైల్వేల రాక

ఈ ప్రాంతం గూడ్సు రవాణాకు కేంద్రం కావడానికి మొదటి కారణం కాలువ. 1820లో రీజెంట్స్ కాలువ పూర్తికాగానే పడవల మీద సరుకు రావడం మొదలైంది. కాలువ ఒడ్డున గ్యాసు కర్మాగారం వెలిసింది. ఆ తరువాత గ్రేట్ నార్తర్న్ రైల్వే కంపెనీ ఉత్తర ఇంగ్లాండు నుండి తన లైనును ఇక్కడికి తెచ్చింది. లూయిస్ క్యూబిట్ రూపకల్పన చేసిన కింగ్స్ క్రాస్ స్టేషను 1852 అక్టోబరు 14న ప్రారంభమైనది. దీనికి పక్కన మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ 1868లో సెయింట్ పాంక్రాస్ స్టేషనును తెరిచింది. విలియం హెన్రీ బార్లో రూపొందించిన దాని ఇనుప కప్పు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా సుమారు 73 మీటర్ల వెడల్పున విస్తరించి ఉన్నది. స్టేషను ముందు జార్జి గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన చేసిన ఎర్ర ఇటుకల హోటలు 1873లో తెరచుకొన్నది.

ఈ రెండు స్టేషన్ల మధ్య ఒక వింత భేదం కలదు. రెండింటికీ ఉత్తరాన అదే కాలువ అడ్డం వస్తుంది. గ్రేట్ నార్తర్న్ వారు సొరంగం తవ్వి కాలువ కిందుగా లైను వేశారు. మిడ్‌లాండ్ వారు వంతెన కట్టి కాలువ మీదుగా వేశారు. అందువలన సెయింట్ పాంక్రాస్ ప్లాట్‌ఫారాలు వీధి మట్టానికి చాలా ఎత్తులో ఉంటాయి. వాటి కింద మిగిలిన ఖాళీ చోటును బర్టన్ నుండి రైలులో వచ్చే బీరు పీపాలు నిలవ చేయడానికి వాడుకొన్నారు. కింది స్తంభాల మధ్య దూరాన్ని కూడా పీపాల కొలతను బట్టే నిర్ణయించారు. ఆ పీపాల గిడ్డంగిలోనే నేడు యూరోపు ఖండానికి వెళ్ళే ప్రయాణికులు తమ రైలు కోసం వేచి ఉంటున్నారు.

ప్రయాణికుల స్టేషన్లను అందరూ ఎరుగుదురు. అయితే, లండన్ నగరానికి తిండి, నిప్పు అందినది వాటి వెనుక ఉన్న గూడ్సు యార్డు నుండి. 1852లో కట్టిన గ్రానరీ అనే ఆరంతస్తుల ధాన్యాగారంలో లింకన్‌షైర్ గోధుమలను నిలవ చేసి నగరంలోని రొట్టెల తయారీదారులకు పంపేవారు. రైలుపెట్టెలు ఒక పక్కకు, కాలువ పడవలు మరొక పక్కకు వచ్చేవి. సరుకు లాగే గుర్రాలకు కింద శాలలు ఉండేవి. పక్కనే బొగ్గు దించే కోల్ డ్రాప్స్ అనే పొడవైన కట్టడాలు ఉన్నాయి. వీటిలో తూర్పుది 1851లోను, పడమటిది 1860 ప్రాంతంలోను కట్టారు. వీటి పనితీరు సులభమైనది. బొగ్గు వ్యాగన్లు పై అంతస్తులోని పట్టాల మీదకు వస్తాయి. వ్యాగను అడుగు తలుపు తెరవగానే బొగ్గు కింది తొట్టెలలో పడుతుంది. అక్కడ నుండి సంచులకెత్తి గుర్రపు బండ్ల మీద ఇంటింటికీ చేరుస్తారు. ఎత్తే పనిలో సగం భూమ్యాకర్షణకే అప్పగించారన్నమాట.

ఈ నిర్మాణాల వలన ఇళ్ళు పోగొట్టుకొన్నవారిని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మిడ్‌లాండ్ రైల్వే కోసం 1866లో ఏగర్ టౌన్ అనే పేదల పేటను నేలమట్టం చేశారు. అద్దెకుండేవారికి పరిహారం దొరకలేదు. లైను పాత సెయింట్ పాంక్రాస్ చర్చి శ్మశానం మీదుగా పోవలసి వచ్చినందున వేలాది సమాధులను తవ్వి అస్థికలను మరొక చోటికి తరలించారు. అప్పుడు వాస్తుశిల్పి వద్ద పనిచేస్తున్న యువకుడు, తరువాతి కాలంలో ప్రసిద్ధ నవలాకారుడైన థామస్ హార్డీ ఆ పనిని పర్యవేక్షించాడు.

క్షీణదశ

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గూడ్సు రవాణా రైళ్ళ నుండి లారీలకు మారింది. 1956లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టం వలన నగరంలో ఇళ్ళలో బొగ్గు వాడకం తగ్గింది. ఉత్తర సముద్రంలో దొరికిన సహజవాయువు బొగ్గు గ్యాసును తోసిరాజన్నది. ధాన్యం, బొగ్గు, గ్యాసు ఈ మూడింటి మీద బ్రతికిన యార్డుకు మూడూ పోయినవి. సెయింట్ పాంక్రాస్ హోటలు 1935లోనే మూతబడింది. 1960 దశకంలో స్టేషనును సైతం పడగొట్టాలనే ఆలోచన వచ్చినపుడు కవి జాన్ బెట్జమన్, విక్టోరియన్ సొసైటీ వారు గట్టిగా వ్యతిరేకించారు. 1967లో ప్రభుత్వం దానిని మొదటి శ్రేణి వారసత్వ కట్టడంగా ప్రకటించడంతో అది బ్రతికిపోయింది.

1970, 80 దశకాలలో ఈ ప్రాంతం పేరు చెబితే లండన్ వాసులకు మాదకద్రవ్యాలు, వ్యభిచారం గుర్తుకు వచ్చేవి. 1987 నవంబరు 18న ఇక్కడి భూగర్భ రైల్వే స్టేషనులో ఎస్కలేటరు కింద మొదలైన మంటలకు 31 మంది మరణించారు. అయితే, ఆ కాలంలో ఈ భూమిలో ఏమీ లేదనడం సరికాదు. అద్దెలు తక్కువ కాబట్టి చిన్న కార్ఖానాలు, కళాకారులు, గ్యారేజీలు ఇక్కడ చేరాయి. పాత బొగ్గు షెడ్లలో రాత్రి పూట నృత్యశాలలు నడిచేవి. పనికిరాని ఒక బొగ్గు యార్డులో మొక్కలు వాటంతటవే పెరిగితే, స్థానికులు పట్టుబట్టి దానిని 1985లో కామ్లీ స్ట్రీట్ ప్రకృతి వనంగా మార్పించుకొన్నారు. "పాడుబడిన" అన్న మాటను ప్రణాళికలు వేసేవారు ఎంత ధారాళంగా వాడినా, అక్కడ బ్రతికేవారికి అది వేరుగా కనబడుతుంది.

ఇక్కడి రైల్వే భూములలో ఒకదానిని ముందే వేరే పనికి తీసుకొన్నారు. సెయింట్ పాంక్రాస్‌కు పడమట ఉన్న సోమర్స్ టౌన్ గూడ్సు డిపో స్థలంలో బ్రిటిష్ లైబ్రరీ కొత్త భవనం కట్టి 1998లో తెరిచారు. ఇండియా ఆఫీసు దస్తావేజులు, పాత తెలుగు ముద్రిత గ్రంథాలు ఆ లైబ్రరీలోనే ఉన్నందున తెలుగు పరిశోధకులకు ఈ పరిసరాలు కొత్తవి కావు.

విఫలమైన మొదటి ప్రయత్నం

1980 దశకం చివర లండన్‌లో స్థిరాస్తి ధరలు ఆకాశాన్నంటుతున్న సమయంలో బ్రిటిష్ రైల్ సంస్థ ఈ భూమిని అభివృద్ధి చేయదలచింది. 1988లో లండన్ రీజనరేషన్ కన్సార్షియం అనే బృందాన్ని ఎంపిక చేసింది. ప్రసిద్ధ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ ప్రణాళిక గీశాడు. అందులో కార్యాలయాలకే పెద్ద పీట. చుట్టుపక్కల పేటలవారు 1987లోనే కింగ్స్ క్రాస్ రైల్వే ల్యాండ్స్ గ్రూప్ అనే సంఘంగా ఏర్పడి, విశ్వవిద్యాలయ అధ్యాపకుల సహాయంతో ఇళ్ళకు, స్థానిక ఉపాధికి ప్రాధాన్యమిచ్చే ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేశారు. వాదప్రతివాదాలు తెగకముందే స్థిరాస్తి మార్కెట్ కుప్పకూలింది. కన్సార్షియంలోని ప్రధాన కంపెనీలలో ఒకటైన రోజ్‌హా 1992లో దివాలా తీసింది. ప్రణాళిక కాగితాల మీదనే మిగిలిపోయింది.

సొరంగపు రైలుతో వచ్చిన మార్పు

ఇంగ్లాండు, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింద వేసిన సొరంగం నుండి లండన్‌కు కొత్త వేగమార్గం నిర్మించడానికి 1996లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ మార్గానికి చివరి స్టేషనుగా సెయింట్ పాంక్రాస్‌ను నిర్ణయించారు. నిర్మాణపు కాంట్రాక్టు లండన్ అండ్ కాంటినెంటల్ రైల్వేస్ అనే సంస్థకు దక్కింది. ప్రభుత్వం ఇచ్చే సహాయంలో భాగంగా కింగ్స్ క్రాస్ భూములు కూడా ఈ సంస్థకు సంక్రమించాయి. మిగిలిన భూమి ఎక్సెల్ అనే సరుకు రవాణా కంపెనీ వద్ద ఉండేది. తరువాత అది డి.హెచ్.ఎల్. కంపెనీలో కలిసింది. ఈ విధంగా భూమి మొత్తానికి యజమానులు ఇద్దరే కావడం పని సాగడానికి ముఖ్య కారణం. పదిమంది చేతుల్లో ముక్కలైన భూమిని కలపడానికే అనేక నగరాలలో దశాబ్దాలు పడుతుంది.

భూయజమానులు ఆర్జెంట్ అనే నిర్మాణ సంస్థను అభివృద్ధిదారుగా ఎన్నుకొన్నారు. ఆ సంస్థ 2001లో మొదట భవనాల బొమ్మలు చూపలేదు. "మానవీయ నగరానికి సూత్రాలు" అనే అర్థం వచ్చే పేరుతో పది సూత్రాల చిన్న పుస్తకం వెలువరించింది. ఆ సంస్థ ముఖ్యాధికారి రోజర్ మాడెలిన్ సైకిలు మీద తిరుగుతూ సంఘాలు, పాఠశాలలు, కౌన్సిలు సమావేశాలకు హాజరయ్యేవాడు. బృహత్ ప్రణాళికను అలైస్ అండ్ మోరిసన్, పోర్ఫిరియోస్ అసోసియేట్స్ అనే వాస్తుశిల్పుల సంస్థలు రూపొందించాయి. 2004లో దరఖాస్తు దాఖలైంది. 2006 మార్చిలో కామ్డెన్ కౌన్సిలు ఆమోదించింది. అదే ఏడాది చివర అనుమతి పత్రం వెలువడింది. రైల్వే ల్యాండ్స్ గ్రూప్ తరఫువారు న్యాయస్థానానికి వెళ్ళారు గాని, 2007లో వారి వాదన వీగిపోయింది.

అనుమతి స్వరూపం తెలిసికొనదగినది. ఇది ఒక్కొక్క భవనానికి ఇచ్చిన అనుమతి కాదు. మొత్తం మీద ఇన్ని చదరపు అడుగుల కార్యాలయాలు, ఇన్ని ఇళ్ళు, ఇన్ని దుకాణాలు అని గరిష్ఠ పరిమితులు పెట్టి, ఏది ఎక్కడ ఎప్పుడు కట్టాలో కొంత వెసులుబాటు ఇచ్చారు. ఇరవై ఏళ్ళ పనిలో మార్కెట్ ఒకసారి పడినా ఒకసారి లేచినా నిర్మాణం ఆగకుండా ఉండాలన్నది ఉద్దేశం. మొదటి ప్రయత్నం ఎందుకు కూలిందో చూచినవారికి ఈ జాగ్రత్త అర్థమవుతుంది. దీనికి బదులుగా అభివృద్ధిదారు చౌక ఇళ్ళు, పాఠశాల, ఈతకొలను, నైపుణ్య శిక్షణ కేంద్రం, రోడ్లు మొదలైన వాటికి ఒప్పందం వ్రాసి ఇవ్వవలసి వచ్చింది.

నిర్మాణం

పునరుద్ధరించిన సెయింట్ పాంక్రాస్ అంతర్జాతీయ స్టేషనును 2007 నవంబరులో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. ఆ మరుసటి ఏడాదే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. 1992 కథే తిరిగి జరుగుతుందని చాలామంది అనుకొన్నారు. జరగకపోవడానికి ప్రధాన కారణం ఒక కళాశాల. లండన్ కళా విశ్వవిద్యాలయానికి చెందిన సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాల తన పాత భవనాలను విడిచి గ్రానరీ ధాన్యాగారానికి మారడానికి అంగీకరించింది. కార్యాలయాలకు గిరాకీ లేని సమయంలో కూడా ఆ పని సాగింది. 2011లో కళాశాల తెరుచుకోగానే వేలాది విద్యార్థులు ప్రతిరోజూ ఈ భూమిలోకి రావడం మొదలుపెట్టారు. ఇళ్ళు, కంపెనీలు చాలావరకు వారి వెనుకనే వచ్చాయి. ధాన్యాగారం ముందు పూర్వం పడవలు తిరిగే మడుగు ఉన్న చోట 1,080 నీటిచిమ్మెనలతో గ్రానరీ స్క్వేర్ 2012లో ప్రారంభమైనది. వేసవిలో చుట్టుపక్కల పేటల పిల్లలు ఆ నీటిలో తడుస్తూ ఆడుకొంటారు.

కింగ్స్ క్రాస్ స్టేషనుకు పడమర దిక్కున జాన్ మకాస్లాన్ సంస్థ రూపొందించిన కొత్త హాలు 2012 మార్చిలో తెరుచుకొన్నది. మరుసటి ఏడాది స్టేషను ముఖద్వారానికి అడ్డుగా ఉన్న తాత్కాలిక కట్టడాన్ని తొలగించి అక్కడ చౌకు ఏర్పాటు చేయగా, క్యూబిట్ కట్టిన ముఖభాగం మళ్ళీ అందరికీ కనిపించింది. కామ్డెన్ కౌన్సిలు తన కార్యాలయాన్ని గ్రంథాలయం, ఈతకొలనులతో సహా 2014లో ఇక్కడికి మార్చింది. 2015లో ప్రాథమిక పాఠశాల తెరిచారు. బధిర బాలల పాఠశాల ఒకటి అదే భవనంలో కలిసి నడుస్తున్నది.

గ్యాసు నిలవచేసే పెద్ద తొట్ల ఇనుప చట్రాల కథ విడిగా చెప్పదగినది. ఇక్కడ గ్యాసు తయారీ 1904లోనే ఆగినా నిలవ తొట్లను 2000 వరకు వాడారు. స్టేషను పని కోసం వాటిని విప్పవలసి వచ్చింది. ముక్కలను యార్క్‌షైర్‌కు తీసికొనిపోయి, తుప్పు, రంగు పొరలు గీకి బాగుచేసి, తిరిగి తెచ్చి కాలువ అవతలి ఒడ్డున నిలబెట్టారు. 8వ సంఖ్య గల చట్రం లోపల 2015లో ఒక పార్కు వెలిసింది. ఒకదానికొకటి అతుక్కొని ఉన్న మిగతా మూడు చట్రాలలో గుండ్రని నివాస భవనాలు లేచాయి. వీటిలో 145 ఫ్లాట్లు ఉన్నాయి. ఇవి 2018లో పూర్తయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో కోల్ డ్రాప్స్ షెడ్లు దుకాణాల సముదాయంగా మారాయి. వాస్తుశిల్పి థామస్ హెదర్‌విక్ రెండు షెడ్ల పలక కప్పులను వంచి, మధ్యలో ఒకదానికొకటి తాకేటట్లు చేశాడు. 2013లో భూమి కొన్న గూగుల్ సంస్థ 2018లో పని మొదలుపెట్టిన భవనం ఎత్తు కన్న పొడవు ఎక్కువ. అది రైలుపట్టాల వెంబడి సుమారు 330 మీటర్ల దూరం సాగుతుంది.

భూమి ఎవరిది

2008లో ఏర్పడిన భాగస్వామ్యంలో ఆర్జెంట్ పక్షానికి సగం, ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చిన లండన్ అండ్ కాంటినెంటల్‌కు 36.5 శాతం, డి.హెచ్.ఎల్.కు 13.5 శాతం వాటా ఉండేవి. ప్రభుత్వం తన వాటాను ఆస్ట్రేలియన్ సూపర్ అనే పింఛను నిధికి 37.1 కోట్ల పౌండ్లకు అమ్మినట్లు 2016 జనవరిలో ప్రకటించింది. డి.హెచ్.ఎల్. వాటా కూడా ఆ నిధికే చేరింది. లాభం వచ్చింది కదా అని సమర్థించినవారు ఉన్నారు. ప్రజల డబ్బుతో రైలు వేసి, దానివలన విలువ పెరిగిన భూమిని వదులుకోవడం ఏమిటని అడిగినవారూ ఉన్నారు. రెండవ ప్రశ్నకు తగిన సమాధానం దొరికినట్లు కనబడదు. ఏటేటా రాగల అద్దెను వదలి ఒకేసారి సొమ్ము తీసుకోవడం ఆ భూమి విషయంలో ప్రభుత్వం చేసిన ఎంపిక.

ఇళ్ళ విషయంలో వివాదం మరింత సూటిగా ఉన్నది. 2006 ఒప్పందంలో సుమారు 1,900 ఇళ్ళు, వాటిలో చెప్పుకోదగిన భాగం తక్కువ ఆదాయం వారికి అని వ్రాసుకొన్నారు. 2015లో ఒప్పందాన్ని సవరించి చౌక ఇళ్ళ సంఖ్యను తగ్గించారు. సామాజిక గృహాలకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులు తగ్గిపోయాయన్నది అభివృద్ధిదారు వాదన. అదే సమయంలో మార్కెట్ ఇళ్ళ ధరలు విపరీతంగా పెరగడం విమర్శకుల వాదనకు బలం చేకూర్చింది. భూమికి ఆనుకొని ఉన్న సోమర్స్ టౌన్ వంటి పేటలు లండన్‌లోని పేద పేటలలో చేరుతాయి. అక్కడి పిల్లలు గ్రానరీ స్క్వేర్ నీటిలో ఆడుకోగలరు గాని, పెద్దవారై ఆ చౌకు పక్కన ఇల్లు అద్దెకు తీసుకోగలగడం కష్టం.

మూడవ వివాదం వీధుల గురించి. ఇక్కడి చౌకులలో, వీధులలో ఎవరైనా నడవవచ్చు, కూర్చోవచ్చు. అయినా వాటి యాజమాన్యం కౌన్సిలుది కాదు, ఎస్టేటుది. కాపలా కూడా వారిదే. ఇటువంటి స్థలాలలో సభ పెట్టుకోవడం, కరపత్రాలు పంచడం, ఛాయాచిత్రాలు తీయడం హక్కుగా కాక యజమాని అనుమతిగా మారుతుందని నగర పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఈ భయం ఊరక పుట్టినది కాదని 2019లో తేలింది. ఆ ఏడాది ఆగస్టులో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక ఇక్కడి కెమెరాలలో ముఖాలను గుర్తించే సాంకేతికతను వాడిన సంగతి బయటపెట్టింది. 2016 మే నుండి 2018 మార్చి వరకు రెండు కెమెరాలలో దీనిని వాడినట్లు యాజమాన్యం ఒప్పుకొన్నది. సరిపోల్చడానికి కొందరి ఛాయాచిత్రాలను పోలీసులు ఇచ్చినట్లు కూడా తెలిసింది. లండన్ మేయరు సాదిక్ ఖాన్ వివరణ కోరుతూ లేఖ వ్రాశాడు. సమాచార కమిషనర్ విచారణ చేపట్టింది. ఈ సాంకేతికతను తిరిగి ప్రవేశపెట్టే ఉద్దేశం లేదని యాజమాన్యం 2019 సెప్టెంబరులో ప్రకటించింది. రోజూ ఆ దారిన కళాశాలకు, బడికి, రైలుకు పోయే వేలమందిలో ఎవరికీ దాదాపు రెండేళ్ళపాటు ఆ సంగతి తెలియదు.

ఇతర విశేషాలు

జర్మన్ జిమ్నాజియం అనే వ్యాయామశాల భవనం (1865) రెండు స్టేషన్ల మధ్య నేటికీ ఉన్నది. 1866లో జరిగిన ఇంగ్లాండు జాతీయ ఒలింపియన్ క్రీడలలో కొన్ని పోటీలు ఇందులో జరిగాయి. ఆధునిక ఒలింపిక్ క్రీడలకు ఇది ముప్పై ఏళ్ళ ముందటి మాట. నేడు అందులో ఒక రెస్టారెంటు నడుస్తున్నది.

నిర్మాణం జరుగుతున్న కాలంలో ఖాళీగా ఉన్న స్థలాలలో స్థానిక విద్యార్థులు చెత్త మోసే ఇనుప తొట్లలో కూరగాయలు పెంచేవారు. పక్క స్థలంలో పునాది తవ్వగానే తొట్లను క్రేనుతో ఎత్తి మరొక చోట దించేవారు. ఈ విధంగా ఆ తోట అనేకసార్లు చోటు మారింది. కామ్లీ స్ట్రీట్ ప్రకృతి వనం మాత్రం కదలలేదు. కాలువకు, రైలుపట్టాలకు నడుమ సుమారు రెండెకరాలలో అది అలాగే ఉన్నది.